కాటా కరెక్టే

నా సర్వీసంతా బరువు తగ్గించేవాళ్ళని పట్టుకోవడంతోనే సరిపోయింది. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. బస్తాకి కిలో తగ్గించే మిల్లులవాళ్ళు, సంతలో త్రాసు పళ్ళెం కింద చింతపండు ముద్ద అంటించేవాళ్ళు, తడిగోనెతో సహా చేపలు తూచేవాళ్ళు, ఇలా బరువు తగ్గించే విద్యలన్నీ నాకు కంఠతా వచ్చు. అలాంటి నా ఎదురుగా, నా ఆఫీసులోనే, బరువు తగ్గించే వ్యాపారం రెండేళ్ళు దర్జాగా సాగింది. ఒక్క కేసు రాయలేకపోయాను. అక్కడ తగ్గించేది మనుషుల బరువు మరి. మనుషుల్ని తూచి సీలు వేసే సెక్షను మా చట్టంలో లేదు.

కొత్తగా శాఖలో చేరిన పిల్లలు మొన్న ఇంటికొచ్చి, మరిచిపోలేని కేసు ఏదైనా చెప్పమన్నారు. ఏ బొబ్బిలి సంతలోనో నన్ను వ్యాపారులు చుట్టుముట్టిన కథ చెబుతాననుకున్నారు పాపం. అవన్నీ మరిచిపోయానర్రా. ఈ ఒక్కటే మరపు రావడం లేదు, అందుకే రాసిస్తున్నాను. అందులో కేసు లేదు, ముద్దాయి లేడు, కాటా కూడా తప్పుగా లేదు. అదే వచ్చిన చిక్కు.

మా ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు ఒకావిడ ఉండేది. మంచి మనిషి. ఎవరి ఇంక్రిమెంటు ఆగినా, ఎవరి సెలవు కాగితం ఎక్కడ ఇరుక్కున్నా తన ఇంటి పనిలా చూసేది. ఆదివారం చర్చిలో ఆవిడ పాట ఎత్తుకుంటే రోడ్డు మీద ఆటోవాళ్ళు కూడా ఇంజను ఆపేవారని చెప్పుకునేవారు. అలాంటి మనిషి ఒకసారి చిన్ననాటి స్నేహితురాలు పిలిచిందని విశాఖపట్నంలో ఏదో మీటింగుకి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు చేతిలో టిఫిను డబ్బా ఉంది. వచ్చేటప్పుడు పౌడరు డబ్బాలున్నాయి. చీర మీద, కుడి భుజం దగ్గర, గుండ్రటి బ్యాడ్జి ఉంది: 'బరువు తగ్గించాలా? నన్ను కలవండి.'

తూనికలు కొలతల ఆఫీసులో ఇలాంటి బోర్డు పెట్టుకుని కూర్చుంటే ఏమవుతుందో ఆవిడకి తట్టలేదు. మరుసటి వారమే నరసన్నపేట వైపు నుంచి ఒక మిల్లు యజమాని లైసెన్సు పని మీద వచ్చాడు. బ్యాడ్జి చదివాడు. అటూ ఇటూ చూశాడు. టేబులు మీదికి వంగి, గొంతు తగ్గించి, బస్తాకి ఎంత వరకూ తగ్గించనిస్తారు మేడమ్ అని అడిగాడు. ఆవిడ ఎంతో ఉత్సాహంగా, మొదటి నెలలో అయిదు కిలోలు సులువుగా తగ్గించొచ్చు, తర్వాత మీ ఓపికని బట్టి అని చెప్పింది. ఆయన కళ్ళు తిరిగినంత పనైంది. నా గదిలోకొచ్చి చేతులు జోడించి, నాను అంత పాపం చెయ్యలేను సార్, వందా రెండు వందల గ్రాములంటే సరేగాని అన్నాడు. ఆయనకి విషయం అర్థమయ్యేలా చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ వందా రెండు వందల గ్రాముల సంగతి మనసులో పెట్టుకుని తర్వాత నెలలో వాళ్ళ మిల్లుకి వెళ్ళాను, అది వేరే కథ.

మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత. మాకు పౌడరు డబ్బాలయ్యాయి. ఆవిడకి కాదని చెప్పే దమ్ము ఆఫీసులో ఎవరికుంది? రేపు అందరి పెన్షను కాగితాలూ ఆ చేతుల మీదుగానే పోవాలి. డ్రైవరు కొన్నాడు, అటెండరు కొన్నాడు, నేను కొన్నాను. చర్చి స్త్రీల సమాజంలో సగం మంది కొన్నారు. ప్రభుత్వోద్యోగి వ్యాపారం చెయ్యకూడదు గనక ఆ పౌడరు కంపెనీ సభ్యత్వం భర్త పేరున ఉండేది. ఆ మహానుభావుడు మాత్రం ఆ పౌడరు వాసన చూసినవాడు కాదు.

ఇక ఆ పౌడరు పనిచేసిందా లేదా అంటే, మావాళ్ళు దాన్ని పనిచెయ్యనిస్తేగా. భోజనానికి బదులుగా గ్లాసుడు కలుపుకుని తాగాలని డబ్బా మీదే ఉంది. బదులుగా అన్న మాట మా జిల్లాల్లో ఎవరికీ ఎక్కలేదు. మందు పరగడుపున తాగితే కడుపులో మంట వస్తుందని డ్రైవరు ముందు సుబ్బరంగా భోంచేసి, దాని మీద ఈ గ్లాసుడు తాగేవాడు. అటెండరు ఇంట్లో వాళ్ళమ్మ దాన్ని పొద్దుటి చోడి అంబలిలో, అంటే రాగి జావలో, కలిపి, ఉల్లిపాయ నంజుకోమని ఇచ్చేదట. అతనికి నెల తిరిగేసరికి కొత్త ప్యాంట్లు కుట్టించుకోవలసి వచ్చింది. నేను మాత్రం నియమంగా రాత్రి భోజనం మానేసి అదే తాగాను. పది గంటలకల్లా ఆకలేసి ఫ్రిజ్జు తలుపు తీసేవాణ్ణి. మా ఆవిడ ఆ తలుపు చప్పుడుకి లేచి, తగ్గుతున్నారా అని అడిగేది.

తగ్గనివాళ్ళు వెళ్ళి మొరపెట్టుకుంటే సీనియర్ అసిస్టెంటు దగ్గర ఒకే జవాబు. తగ్గితే అది పౌడరు మహిమ. తగ్గకపోతే మీకు క్రమశిక్షణ లేదు. ఏ రాయి వేసినా షాపువాడి వైపే మొగ్గే కాటాలు నేను చాలా పట్టుకున్నాను. ఇంత బాగా తయారుచేసినది మాత్రం ఎక్కడా చూడలేదు.

ఇలా మా అందరి క్రమశిక్షణా బయటపడుతున్న రోజుల్లోనే ఒక మనిషి నిజంగా తగ్గడం మొదలుపెట్టింది. మా ఆఫీసులో తూకపు రాళ్ళ పెట్టెలు మోసే అసిస్టెంటు భార్య ఆమె. వాళ్ళది సముద్రం ఒడ్డు ఊరు. అతను ఇరవై కిలోల ఇనప రాళ్ళు రెండు చేతులా పట్టుకుని మిల్లు మెట్లు ఎక్కేస్తే, ఆమె నెత్తి మీద చేపల తట్టతో అంతకంటే వేగంగా వీధులు తిరిగేది. మా వీధికి ఆమె గొంతే అలారం. మనిషి భారీగా ఉండేది. మోకాళ్ళు పట్టేసి ఆటో దిగలేకపోతున్నానని, తట్ట దించితే మళ్ళీ ఎత్తుకోలేకపోతున్నానని బాధపడేది. తట్ట ఎత్తుకోలేకపోతే ఆ ఇంటికి గడవదు, మొగుడి జీతంలో సగం పడవ అప్పుకే పోయేది. పైగా సుగరు. ఊళ్ళో నర్సమ్మ నెలనెలా బిళ్ళలిచ్చేది.

మోకాళ్ళ సంగతి విని సీనియర్ అసిస్టెంటు మనసు కరిగింది. ఆ జాలి నిజమైనదే, అందులో నాకు అనుమానం లేదు. తన ఇంటి ముందుగదిలో ప్రతి శనివారం పొద్దున్న క్లబ్బు నడిపేది. అందరూ వచ్చి పౌడరు తాగి, బల్లపరుపుగా ఉండే చిన్న డిజిటల్ కాటా ఎక్కి, అంకె తగ్గితే చప్పట్లు కొట్టుకోవాలి. ఆమెను అక్కడికి తీసుకెళ్ళింది. క్లబ్బుకి అప్పుడప్పుడు విశాఖపట్నం నుంచి ఒక కోచ్ వచ్చేవాడు. ఎండాకాలంలో కూడా కోటు విప్పని మనిషి. తాను ఈ పౌడరు మొదలుపెట్టిన రోజే సుగరు బిళ్ళలు డస్ట్‌బిన్‌లో వేశానని చెప్పి, బిళ్ళలు మింగేవాళ్ళు ముసలాళ్ళవుతారు, ఇది తాగేవాళ్ళు కోచ్‌లవుతారు అనేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవారు. ఆమె కూడా కొట్టింది.

వారం వారం ఆమె అంకె దిగిపోసాగింది. బుగ్గలు పోయాయి. జాకెట్టు చేతులు వదులయ్యాయి. మీకు తెలుసుగా, మనవైపు ఎవరైనా సన్నబడితే అభినందించే అలవాటు లేదు. సిక్కిపోనావేటే అని అడుగుతారు. ఆ మాటలో సగం జాలి, సగం భయం. చేపల బజారులో తోటి ఆడవాళ్ళు అందరూ ఆమెను అదే అడిగారట. క్లబ్బులో మాత్రం దానికి వేరే అర్థం నేర్పారు. ఎవరైనా చిక్కిపోయావంటే అది మెచ్చుకోలు, నవ్వి, పౌడరు గురించి చెప్పండి అని. ఆమె నవ్వి పౌడరు గురించి చెప్పేది. బజారులో మరో నలుగురు చేరారు.

మా అసిస్టెంటు కూడా ఉబ్బిపోయాడు. విజయనగరంలో ఒక కళ్యాణ మండపంలో పెద్ద మీటింగు పెడుతున్నారని, తన భార్యని స్టేజీ ఎక్కించి శాలువా కప్పుతారని, ఆమె పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన తెర మీద వేస్తారని చెప్పాడు. దానికోసం ఇస్త్రీ చొక్కా తీసిపెట్టుకున్నాడు.

నాకు మాత్రం మండిపోయింది. మేమందరం తగ్గకపోవడమేమిటి, ఒక్క మనిషి ఇంతలా తగ్గడమేమిటి? ముప్పై ఏళ్ళ సర్వీసు చేసినవాడికి మొదట వచ్చే అనుమానం ఒకటే. కాటాలో మోసం ఉంది. స్టేజీ ఎక్కించే ఒక్కరి కోసం అంకెలు వెనక్కి తిప్పుతున్నారు. ఇంట్లో వాడుకునే కాటా మీద మాకు అధికారం లేదు, నిజమే. కాని పరువంటూ ఒకటుంది కదా. తూనికలు కొలతల ఉద్యోగిని ఇంట్లోనే దొంగ కాటా ఉంటే రేపు మిల్లులవాళ్ళకి నేనే మొహంతో సీలు వేస్తాను?

మీటింగు ఆదివారం. ముందు రోజు శనివారం పొద్దున్నే జీపులో రాళ్ళ పెట్టెలు వేయించి క్లబ్బుకి వెళ్ళాను. ఊరికే, మీ కాటాకి మా తరఫున సర్టిఫికెట్టు ఇద్దామని వచ్చానని సీనియర్ అసిస్టెంటుతో అన్నాను. నా ముఖం చూసి ఆవిడకి అర్థమైంది. అర్థమైనా అడ్డు చెప్పలేదు. ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు గ్లాసులు పట్టుకుని గోడవారగా నిలబడ్డారు. చేపలమ్మే ఆమె కుర్చీలో కూర్చుని ఉంది.

ముందు కాటాని తివాచీ మీద నుంచి తీసి గట్టి గచ్చు మీద పెట్టించాను. మెత్తటి చోట పెట్టిన కాటా నిజం చెప్పదు, ఇది మీరు గుర్తుపెట్టుకోండి. తర్వాత మా అసిస్టెంటు ఒక్కొక్క రాయే ఎక్కించాడు. ఇరవై పెడితే ఇరవై చూపించింది. నలభై పెడితే నలభై. అరవై పెడితే అరవై. మూలకి జరిపి చూశాను, తీసి మళ్ళీ పెట్టించాను. వెంట్రుకవాసి తేడా లేదు. నా సర్వీసులో అంత నిజాయితీగల కాటాని చూడలేదంటే నమ్మండి. ఏ మిల్లులో ఉన్నా ముద్దు పెట్టుకునేవాణ్ణి.

"ఇప్పుడేమంటారు సార్?" అంది సీనియర్ అసిస్టెంటు. గోడవారగా ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

చేపలమ్మే ఆమె లేచి కాటా ఎక్కింది. పోయిన వారం కంటే అంకె ఇంకా దిగింది. మళ్ళీ చప్పట్లు. మా అసిస్టెంటు మాత్రం కొట్టలేదు. చేతిలో ఇరవై కిలోల రాయి అలాగే పట్టుకుని అంకె వైపు చూస్తున్నాడు. అతను కూడా నాలాగే కాటా తప్పని లోపల నమ్మి ఉంటాడని నాకు అప్పుడు తెలిసింది. తప్పయితే బాగుండునని అనుకుని ఉంటాడు.

"కాటా కరెక్టే సార్," అన్నాడు మెల్లగా. "అలగయితే మనిసెక్కడికి పోతన్నాది?"

గదిలో చప్పట్లు ఆగిపోయాయి. అన్నేళ్ళ సర్వీసులో కాటా సరిగ్గా ఉన్నందుకు నేను భయపడింది ఆ ఒక్కసారే. ఇన్నాళ్ళూ కాటాని అనుమానించడంలో పడి మనిషిని సరిగ్గా చూడనేలేదు. అప్పుడు చూశాను. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఎడమచేతి వేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. కాటా దిగగానే నీళ్ళడిగింది. సీసా ఎత్తి గడగడా తాగేసి, ఇంకో సీసా ఉందా అంది. ఒంట్లో చెత్తంతా కడుక్కుపోతోంది, దాహం మంచిదే అని సీనియర్ అసిస్టెంటు చెబుతోంది, కాని గొంతు ముందులా లేదు.

ఆ దాహం నాకు తెలుసు. నాకూ సుగరే. బిళ్ళలు లేకుండా నాలుగు రోజులు పెళ్ళికి వెళ్ళి నేనూ అలాగే తాగాను. బిళ్ళలు వేసుకుంటున్నావా అమ్మా అని అడిగాను.

ఆమె ముఖంలో ఎంత గర్వమో చెప్పలేను. "ఎప్పుడో పారీసేను బాబూ. కోచ్ బాబు పారీసినాడు కదా, నాను కూడా పారీసేను. ఇప్పుడు సూడండి, ఎంత తేలికైపోనానో."

వేలికేమైందంటే, కత్తిపీటకి తెగిందని, నెలైనా మానడం లేదని, అయినా అదెంతలే అని అంది. గుడ్డ విప్పి చూపించమన్నాను. చూపించింది. నేను దాని గురించి రాయను.

జీపులో మిగిలిన రాళ్ళ పెట్టెలు దించే వ్యవధి కూడా లేకుండా ఆమెను వాటి మధ్యనే కూర్చోబెట్టుకుని పెద్దాసుపత్రికి పోయాం. సీనియర్ అసిస్టెంటు పిలవకుండానే ఎక్కి కూర్చుంది. ఆసుపత్రిలో నర్సు వేలికి సూది గుచ్చి, నెత్తుటి చుక్క చిన్న మిషనుకి అంటించింది. మిషను అంకె చూపించలేదు. హెచ్, ఐ అని రెండక్షరాలు చూపించింది. మా అసిస్టెంటుకి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు. "హాయ్ అంటన్నాది సార్. పలకరిస్తన్నాదేటి?" అని నన్ను అడిగాడు. ఇదీ కాటాలాంటిదే, మోయగలిగినదానికి మించి బరువు పెడితే అంకె రాదు, తెలుసు కదా అన్నాను. అతను గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు.

డాక్టరమ్మ విషయం రెండు ముక్కల్లో చెప్పింది. బిళ్ళలు మానేస్తే సుగరు నెత్తుట్లో పేరుకుపోయి, తిన్నది ఒంటబట్టక, కండా కొవ్వూ కరిగి పోతున్నాయట. ఇంకో వారం ఇలాగే గడిచి ఉంటే మనిషే దక్కేది కాదట. మా మొత్తం క్లబ్బులో, ఆఫీసులో, చర్చి స్త్రీల సమాజంలో పౌడరు పనిచేసిన ఒకే ఒక్క మనిషి మీద పనిచేసింది పౌడరు కాదని అలా తేలింది. రోగం పనిచేసింది. పౌడరు పక్కన నిలబడి పేరు కొట్టేసింది.

ఆ రోజంతా సీనియర్ అసిస్టెంటు వరండాలో బల్ల మీద కూర్చుంది. ప్రార్థన చేసుకుంటోందనుకుని నేను పలకరించలేదు. పక్కన ఎవరో రోగి తాలూకు ఆడమనిషి ఆవిడ భుజం మీది బ్యాడ్జి చూసి పక్కవాళ్ళతో చదివించుకుంది. "బరువు తగ్గాలంటే ఏటి సెయ్యాలమ్మా?" అని ఆశగా అడిగింది. ఆవిడ పిన్ను తీసి, బ్యాడ్జి విప్పి, సంచీలో అడుక్కి తోసేసింది. తోసేశాక ఏడ్చింది. అప్పటిదాకా ఆవిడ మీద ఉన్న కోపం నాకు అక్కడే పోయింది.

ఆదివారం విజయనగరంలో మీటింగు ఆగుతుందా? ఆగలేదు. తెర మీద రెండు ఫోటోలూ వేశారట. ఆమె వ్యాపారం విపరీతంగా పెరిగిపోవడం వల్ల రాలేకపోయిందని కోటు కోచ్ ప్రకటించాడట. అప్పటికి ఆమె చేతికి సెలైను ఎక్కుతోంది. వేలు పై కణుపు వరకూ తీసెయ్యక తప్పలేదు.

సీనియర్ అసిస్టెంటు ఇక జన్మలో ఏదీ అమ్మలేదని రాసి ముగిస్తే మీకూ నాకూ హాయిగా ఉండును. ఒక ఏడాది మానేసింది. తర్వాత అదే చిన్ననాటి స్నేహితురాలు ఫోను చేసింది. ఇప్పుడు ఈవిడ గిన్నెలు తోముకునే సబ్బు అమ్ముతోంది. నేనూ కొన్నాను. గిన్నెలు బాగానే తోముతుంది, పైగా దాన్ని ఎవరూ భోంచేశాక తాగడం లేదు. ఒకటి మాత్రం చెప్పాలి. ఆ ఏడాదంతా ప్రతి నెలా చేపలమ్మే ఆమెను నర్సమ్మ దగ్గరికి దగ్గరుండి తీసుకెళ్ళి, బిళ్ళలు ఇప్పించి, ఇంటి దగ్గర దింపింది ఈవిడే.

పిల్లలూ, కాటా తప్పుగా ఉంటే మీకు చట్టం ఉంది, సీలు ఉంది, కోర్టు ఉంది. కాటా కరెక్టుగా ఉన్నప్పుడే జాగ్రత్తగా ఉండండి. అంకె కిందకి దిగిందంటే ఏదో ఒకటి పోతున్నట్టు. అది ఏమిటో అంకె చెప్పదు, దాని మీద నిలబడ్డ మనిషిని అడగాలి. మొహమాటానికి అందరం చప్పట్లు కొట్టాం. తిలాపాపం తలా పిడికెడు.

నేను రిటైరైన రోజు ఆఫీసులో చిన్న సభ పెట్టారు. మా అసిస్టెంటు ఆ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వెనకాల ఆమె, నెత్తి మీద తట్టలో నాకోసం నెత్తళ్ళ చేపలు తెచ్చింది. దారిలో చేపల బజారు వాళ్ళు మళ్ళీ ఒళ్ళు సేసావే అన్నారని చెప్పి మురిసిపోయింది. తట్ట తనే దించింది. మోకాళ్ళు ఇంకా నొప్పేనట.

హాల్లో బియ్యం బస్తాలు తూచి చూపించే పెద్ద కాటా ఒకటి ఉంటుంది. ఆమె తిన్నగా వెళ్ళి దాని మీదికెక్కి నిలబడింది. అందరూ నవ్వారు. సీనియర్ అసిస్టెంటు మాత్రం నవ్వలేదు, చూసి చెప్పండి సార్ అన్నట్టు నా వైపు చూసింది. నేను వెళ్ళి అంకె చూశాను. ఆడవాళ్ళ బరువు బయటపెట్టకూడదు గనక ఎంతో రాయను.

"పెరిగేనా బాబూ?" అని అడిగింది.

పెరిగావమ్మా, బాగా పెరిగావు అన్నాను.

"అయితే సీలెయ్యండి," అని ఎడమచెయ్యి చాపింది. ఒక వేలు పొట్టిగా ఉన్న ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను. ఉద్యోగంలో నేను చేసిన ఆఖరి తనిఖీ అదే.